చావు చౌకైపోయిన కాంట్రా

పాత ఆటని మళ్ళీ తయారుచేసి అమ్మకానికి పెట్టినప్పుడల్లా రివ్యూలు దాదాపు ఒకే తీరున వస్తాయి. బొమ్మలెలా ఉన్నాయి, సంగీతం పాతదేనా, మొత్తం ఎన్ని గంటల ఆట, పెట్టిన డబ్బుకి గిట్టుబాటవుతుందా. చివర్లో పదికి ఇన్ని మార్కులు. పరిగెత్తుతూ శత్రువుల్ని కాల్చే తన పాత ఆట కాంట్రాని మళ్ళీ తయారుచేసి, 2024 మార్చి 12న కొనామి కంపెనీ ‘కాంట్రా: ఆపరేషన్ గలూగా’ పేరుతో విడుదల చేసినప్పుడూ అదే జరిగింది. కాల్చడం, దూకడం చక్కగా కుదిరాయన్నారు. బొమ్మలు చప్పగా ఉన్నాయన్నారు. నింటెండో వాళ్ళ స్విచ్ మిషను మీద ఆట తడబడుతోందన్నారు. మధ్యమధ్య పాత్రల మాటలు ఎక్కువైపోయాయన్నారు. ఎనిమిది స్టేజీల ఆటకి 39.99 డాలర్లా అని పెదవి విరిచారు. మొత్తమ్మీద ‘పరవాలేదు, బాగుంది, గొప్పగా లేదు’ దగ్గర తేల్చారు.

వీటిలో ఒక్కదాన్నీ కాదనను. నేను చదివిన రివ్యూల్లో చాలావాటిలో మాత్రం ఒక ముఖ్యమైన ప్రశ్న పక్కకి పోయింది. ఈ ఆటలో చస్తే ఏమవుతుంది?

దీన్ని రీమాస్టర్ అనాలా రీమేక్ అనాలా అని పట్టుబట్టేవాళ్ళున్నారు. పాత ఆటనే శుభ్రం చేసి కొత్త తెరకి సర్దితే రీమాస్టర్, మొదటి నుంచీ మళ్ళీ కడితే రీమేక్. ఆ లెక్కన గలూగా రెండో రకం. నేను చెప్పబోయేది రెంటికీ వర్తిస్తుంది కాబట్టి ఆ పంచాయితీ ఇక్కడ అక్కర్లేదు.

తొంభైల్లో కావలి ట్రంకు రోడ్డు పక్క సందులో ఒక వీడియో గేమ్ షాపుండేది. బోర్డు లేదు. గుమ్మానికి ఒక పరదా, లోపల నాలుగైదు చెక్క డబ్బాలు, ఒక్కో డబ్బాలో ఒక టీవీ. రూపాయి బిళ్ళకి ఒక ఆట. డబ్బుల్లేనివాళ్ళు వెనక నిలబడి చూసేవాళ్ళు. నిజానికి ఆట నేర్చుకున్నది ఎక్కువగా అలా నిలబడినవాళ్ళే. ముందున్నవాడు రూపాయి పోగొట్టుకుంటుంటే, ఏ మూల నుంచి గుండు వస్తుందో వెనకవాళ్ళకి ఉచితంగా తెలిసిపోయేది.

“అన్నా, స్టిక్కు ఎడం పక్కకి పోవడంలా.”

“పోద్దిలే అబ్బయా, గెట్టిగా లాగు.”

లాగేలోపు చచ్చేవాళ్ళం. షాపాయన బిళ్ళ వెనక్కిచ్చిన పాపాన పోలేదు.

ఆ డబ్బా వెనక తలుపు తీస్తే సర్క్యూట్ బోర్డు మీద వరసగా చిన్న చిన్న స్విచ్చులుంటాయి. డిప్ స్విచ్చులంటారు. ఒక్క ఆటకి ఎన్ని ప్రాణాలు, ఎన్ని పాయింట్లకి ఒక ప్రాణం అదనం, శత్రువులు ఎంత కఠినంగా ఉండాలి, ఒక్క ఆటకి ఎన్ని బిళ్ళలు పడాలి, ఇవన్నీ ఆ స్విచ్చుల్లోనే. కంపెనీ ఒక అమరికతో పంపుతుంది, షాపాయన తన వ్యాపారాన్ని బట్టి మార్చుకుంటాడు. వేసవి సెలవుల్లో పిలకాయలు గుంపుగా వచ్చిపడే రోజుల్లో మా షాపులో మూడు ప్రాణాలు రెండయ్యేవి. బడులు తెరిచి జనం పలచబడ్డాక మళ్ళీ మూడు. ఆ అన్న ఆటని తయారుచేసినవాడు కాదు. కానీ మేము ఆడిన ఆట ఎంత కష్టమో తేల్చింది మాత్రం ఆయనే.

అందుకే ‘పాత ఆటలో ఉన్న కష్టాన్ని ఉన్నదున్నట్టు దించారు’ అని ఎవరైనా రాస్తే నాకు సందేహం. ఏ షాపులో ఉన్న కష్టం? ఏ నెలలో?

ఆర్కేడ్ ఆటల్లో, అంటే ఇలా బిళ్ళ వేసి ఆడే డబ్బా ఆటల్లో, కష్టమనేది కళ కోసం పుట్టలేదు, గల్లా పెట్టె కోసం పుట్టింది. ఒకడు ఒక్క బిళ్ళతో గంటసేపు నిలబడితే షాపు అద్దె రాదు. కాబట్టి కొద్ది నిమిషాల్లో మనిషిని చంపాలి. అదే సమయంలో ‘ఇంకొక్క రూపాయి ఉంటే దాటేసేవాణ్ణి’ అన్న ఆశ కూడా మిగల్చాలి. ఈ రెంటి మధ్య సన్నటి గీత మీద నడిచినవే నిలబడ్డాయి. 1987లో ఆర్కేడ్ డబ్బాల్లోకి వచ్చిన కాంట్రా అలాంటిదే. ఒక్క గుండు తగిలితే ఒక్క ప్రాణం. అప్పటిదాకా కష్టపడి సంపాదించిన స్ప్రెడ్ గన్ను, తర్వాత ఇంటి మిషన్లలో ‘ఎస్’ అక్షరంతో వచ్చిన గన్ను, ప్రాణంతోపాటే పోతుంది. మళ్ళీ మామూలు తుపాకీ. అసలు ఏడుపు ప్రాణం కోసం కాదు, ఆ ‘ఎస్’ కోసం.

ఇక్కడ నాకు నేనే ఒక అడ్డుప్రశ్న వేసుకోవాలి. కాంట్రా అంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఆర్కేడ్ డబ్బా కాదు, ఇంట్లో టీవీకి తగిలించిన మిషను. 1983లో నింటెండో తెచ్చిన ఫామికామ్‌కి నకళ్ళు సమురాయ్, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో మన దేశంలోకి వచ్చాయి. మా వైపుకి మద్రాసు దగ్గర కాబట్టి, పనిమీద రైలెక్కినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు బర్మా బజారు నుంచి క్యాసెట్లు తెచ్చేవాళ్ళు. పైన ‘9999 ఇన్ 1’ అని ఉంటుంది. లోపల వేరువేరు ఆటలు కొద్దిగానే. అదే ఆట రెండో స్టేజీ నుంచి మొదలైతే ఒక నంబరు, చేతిలో వేరే గన్నుతో మొదలైతే ఇంకో నంబరు. లిస్టులో కాంట్రా మొదటి పేజీలోనే ఉండేది.

ఆ ఇంటి కాంట్రాలో పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ కొడితే మూడు ప్రాణాలకి బదులు ముప్పై. ఈ మీటల వరస కాంట్రాతో పుట్టింది కాదు. 1985 నాటి గ్రాడియస్ ఆర్కేడ్ ఆటని ఇంటి మిషనుకి మారుస్తున్నప్పుడు, ఆడి పరీక్షిద్దామంటే ఆ ఆట మరీ కష్టంగా ఉండి కొనామి ఉద్యోగి కజుహిసా హషిమోతో తన వీలు కోసం పెట్టుకున్నది. 1986లో అమ్మకానికి వచ్చిన ఆటలోనూ అది ఉండిపోయింది. 2020లో ఆయన చనిపోయినప్పుడు ప్రపంచంలో సగంమంది ఆటగాళ్ళు ఆ పది మీటలూ రాసి నివాళి పెట్టారు. మన వేళ్ళకి మాత్రం అది కంఠతా వచ్చిన ఎక్కం. చేసింది ఎవరో తెలియకుండానే తెలుసు.

మరి ముప్పై ప్రాణాలుంటే చావు అప్పుడే చౌక కదా? రూపాయి బిళ్ళ లేదు, వెనక నిలబడి చూసేవాళ్ళు లేరు, నా వాదన అక్కడే కూలిపోవాలి కదా?

కూలదు. ఎందుకంటే ఇంట్లో ధర వేరే రూపంలో ఉండేది. ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకునే దారి అందులో లేదు. అడవి నుంచి గ్రహాంతర జీవి గుండెకాయ దాకా ఎనిమిది స్టేజీలూ ఒక్క కూర్చోవడంలో అవ్వాలి. మధ్యలో కరెంటు పోతే అయిపోయినట్టే, కావలిలో ఏప్రిల్ నెలలో కరెంటు ఎప్పుడు పోతుందో దేవుడికి కూడా తెలియదు. అడాప్టరు కాలిపోతున్నంత వేడెక్కితే ఆపాలి. వార్తల టైముకి నాయన వస్తే లేవాలి. ముప్పై ప్రాణాలిచ్చినా ఆట మమ్మల్ని ఎన్నోసార్లు మొదటి స్టేజీకి పంపించింది. ఆ మొదటి స్టేజీలో ఎక్కడ వంతెన పేలుతుందో, ఏ చెట్టు పక్కనుంచి ఎవడు పరిగెత్తుకొస్తాడో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే స్థితికి వచ్చింది అందుకే.

కాబట్టి ధర అంటే నేను రూపాయిని అనడం లేదు. ‘మళ్ళీ మొదటి నుంచి’ అన్న మాటే ధర. ఈ రకం ఆటల నిడివి కూడా అక్కడే ఉంది. దారి తెలిసినవాడు కాంట్రాని అరగంటలోపు ముగించేస్తాడు. తెలియనివాడికి ఒక వేసవి పడుతుంది. ఆ వేసవి ఆటలోనిదే, బయటది కాదు. రివ్యూ రాసేవాడు ‘రెండు గంటల్లో అయిపోయింది’ అని ఫిర్యాదు చేస్తే, ఆ రెండు గంటల్లో అతన్ని ఆట ఎన్నిసార్లు వెనక్కి పంపిందో కూడా రాయాలి. ఒక్కసారి కూడా పంపకపోతే ఆట చిన్నదని కాదు తప్పుపట్టాల్సింది, పంపలేదని.

ఇప్పుడు గలూగా దగ్గరికి వద్దాం. దీన్ని చేసింది అమెరికాలోని వేఫార్వర్డ్ అనే స్టూడియో. మనిషికి ఇప్పుడు ఆరోగ్యపు గీత ఒకటుంది. ఒక గుండు తగిలితే చావడు, గీత కొంచెం తగ్గుతుంది. గాల్లోనే రెండోసారి దూకొచ్చు, విసురుగా ముందుకి దూసుకుపోవచ్చు. ఆడి సంపాదించిన క్రెడిట్లతో అంగట్లో అదనపు సౌకర్యాలు కొనుక్కోవచ్చు. పాతవాళ్ళ కోసం ‘ఒక్క దెబ్బకే చావు’ అనే పద్ధతి కూడా పెట్టారు, కావాలంటే ఎంచుకోవచ్చు. రివ్యూల్లో చాలామంది మెచ్చుకున్నది దీన్నే. ఎవరికి కావాల్సిన కష్టం వాళ్ళే పెట్టుకోవచ్చు, ఇంతకన్నా ఏం కావాలి అని.

మొన్న సంక్రాంతికి నెల్లూరులో తమ్ముడింట్లో ఉన్నప్పుడు వాడి కొడుకు ఈ ఆట పెట్టాడు. ఎనిమిదో తరగతి పిలగాడు, చెయ్యి చురుకు. ఆరోగ్యపు గీతతోనే మొదలుపెట్టి, మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి చివరి బాసుని, అంటే ఆఖరి పెద్ద శత్రువుని, కొట్టేశాడు.

“అయిపోయింది పెదనాన్నా.”

“మళ్ళీ ఆడవా?”

“ఎందుకు? అయిపోయింది కదా.”

వాడు అన్నదాంట్లో తప్పేమీ లేదు. సాయంత్రం ఒక్క దెబ్బకి చచ్చే పద్ధతి పెట్టి ఇద్దరం కూర్చున్నాం. “ఇదేంది పెదనాన్నా, తగిలితేనే సచ్చిపోతుండాడు?” అని మొదట విసుక్కున్నాడు. కాసేపటికి విసుగు పోయి, నేను తప్పుచేసినప్పుడల్లా నన్ను కసరడం మొదలైంది. “ఆడ నిలబడబాక అన్నానా లేదా” అని. మా మరదలు అన్నానికి పిలిస్తే ఇద్దరం వినలేదు. చెప్పకూడదు గానీ, ఆ రోజు మొత్తంలో వాడు బిగ్గరగా నవ్వింది ఆ గంటన్నరలోనే. మర్నాడు నేను లేనప్పుడు మాత్రం మళ్ళీ గీత పద్ధతే పెట్టుకున్నాడట. అదీ సహజమే. తనమీద తనే కఠినంగా ఉండమని పదమూడేళ్ళవాణ్ణి ఎవరు అడుగుతారు?

నా పేచీ ఇక్కడే. మెనూలో ఉన్న కష్టం, ఆటలో ఉన్న కష్టం ఒకటి కావు. షాపులో కష్టాన్ని పెట్టింది వేరే మనిషి, వెనక తలుపుకి తాళం వేసి మరీ. మనం దానితో బేరమాడలేం. బేరమాడలేకే నేర్చుకున్నాం. మెనూలో కష్టం మన చేతిలో ఉంది కాబట్టి, నొప్పి తగలగానే తీసేస్తాం. రెండు పద్ధతులూ పెట్టడం మంచిదే. కానీ ఏది ముందు పెట్టారు, దేనికి తగ్గట్టు స్టేజీలు కట్టారు అన్నది అడగాలి. గీత ఉన్నప్పుడు శత్రువుల్ని ఇంకా దట్టంగా నింపొచ్చు, ఎందుకంటే నాలుగు దెబ్బలు తిన్నా మనిషి దాటిపోతాడు. ఒక్క దెబ్బకి చచ్చే ఆటలో ప్రతి గుండుకీ తప్పించుకునే దారి ఒకటి తప్పనిసరిగా ఉండాలి. ఈ రెండూ వేరువేరు కట్టడాలు. గలూగా మొదటి కొన్ని స్టేజీల్లో రెండో పద్ధతికి నిలబడుతుంది, ముందుకెళ్ళేకొద్దీ గీతని నమ్ముకుంటుంది. నాకు కనబడిన అసలు లోపం ఇదీ. బొమ్మలు చప్పగా ఉండటం దీని ముందు చిన్న విషయం. పాత కాంట్రాలో తాటిచెట్లు ఏమంత అందంగా ఉన్నాయని!

తాటిచెట్లంటే గుర్తొచ్చింది. ఆ చెట్లు గాలికి ఊగేవా, ఊగేవి కావా? జపాన్‌లో 1988లో వచ్చిన ఫామికామ్ కాంట్రాలో ఊగుతాయి. మంచు స్టేజీలో మంచు కురుస్తుంది, స్టేజీల మధ్య కథ చెప్పే బొమ్మలు కూడా వస్తాయి. అదే ఏడు అమెరికాలో అమ్మిన దాంట్లో అవేవీ లేవు, ఎందుకంటే ఈ హంగులకి జపాన్ క్యాసెట్లో వేసిన ప్రత్యేకమైన చిప్పు వాళ్ళ క్యాసెట్లో వేయలేదు. యూరప్‌లో మనుషుల్నే తీసేసి రోబోలని పెట్టి ‘ప్రోబోటెక్టర్’ అన్నారు. ఆర్కేడ్ కాంట్రా అయితే నిలువు తెర మీద నడిచే ఇంకో ఆట. ఒరిజినల్ అని రివ్యూలు చేతులు జోడించేది వీటిలో దేనికి?

మనది వీటిలో ఏదీ కాదు. ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగులో ఎవరూ రాయగా నేను చూడలేదు. అమెరికా, జపాన్‌లలో అప్పటి టీవీలు సెకనుకి 60 సార్లు తెరని గీసేవి. మనవి పాల్ పద్ధతి టీవీలు, 50 సార్లు. ఫామికామ్ ఆటలు తెర ఒకసారి గీసినప్పుడు ఒక అడుగు అన్న లెక్కన నడుస్తాయి. పాల్ టీవీల కోసమని చేసిన నకలు మిషన్లలో 60 అడుగులు వేయాల్సిన ఆట 50 అడుగులే వేసింది. అంటే ఆరో వంతు నెమ్మది. గుండ్లు నెమ్మది, దూకడం నెమ్మది, చివరికి సంగీతం కూడా. 2019లో కొనామి ‘కాంట్రా యానివర్సరీ కలెక్షన్’ తెచ్చినప్పుడు పాత ఆటనే పెట్టి చూశాను. చెయ్యి వెనకబడింది. వయసైపోయిందనుకోవడం తేలిక, కానీ వేగం నిజంగానే వేరు. కావలిలో, ఒంగోల్లో, గూడూరులో మనం గొప్పగా చెప్పుకునే కాంట్రా, అమెరికా పిల్లలు ఆడిన దానికంటే కాస్త దయగలది. ఆ దయ కంపెనీది కాదు, మన టీవీది.

కాబట్టి ‘చిన్నప్పుడు నేను ముప్పై ప్రాణాలు లేకుండానే ముగించాను’ అని ఎవరైనా ఛాతీ విరిస్తే ఆరో వంతు తగ్గించి వినండి. నేనూ అందులో ఉన్నాను.

అదే కలెక్షన్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ ఆటని దాచుకునే వెసులుబాటు ఉంది. రివ్యూల్లో దీన్ని ‘ఈ కాలానికి తగ్గ సౌకర్యం’ అని మెచ్చుకున్నారు. రోజంతా పనిచేసి వచ్చి అరగంట ఆడుకునేవాడికి అది సౌకర్యమే, ఒప్పుకుంటాను. బాసు ముందు దాచుకుని, చచ్చిన ప్రతిసారీ అక్కణ్ణుంచే మొదలెడితే మాత్రం, ఆ ఆట మొదటి నుంచి చివరిదాకా చూసినట్టవుతుంది, ఆడినట్టు కాదు.

జలపాతం స్టేజీ చూడండి. ఇద్దరు కలిసి ఆడుతూ పైకి ఎక్కుతుంటారు. ముందు ఎక్కినవాడు తొందరపడితే తెర వాడితోపాటు పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు తెర అంచు కింద పడి చస్తాడు. శత్రువు గుండు తగలకుండానే, సొంత జోడీ వల్ల. ఈ కాలం కొలతల ప్రకారం ఇది తప్పు, సరిచేయాల్సిన లోపం. మా ఇళ్ళల్లో ఎన్ని స్నేహాలు ఆ జలపాతం దగ్గర తెగి, సాయంత్రం మరమరాల పొట్లం దగ్గర అతుక్కున్నాయో! ‘ఆగు, ఆగు, నేను రాలా’ అని అరవడం ఆ స్టేజీ సంగీతంలో భాగం. సరిచేస్తే ఆట సాఫీగా ఉంటుంది, అరుపు పోతుంది.

రివ్యూ రాసేవాళ్ళు ఈ విషయాన్ని ఎప్పుడూ పట్టుకోరని అనను. ఇదే వేఫార్వర్డ్ 2013లో క్యాప్‌కామ్ కంపెనీ కోసం ‘డక్‌టేల్స్: రీమాస్టర్డ్’ చేసింది. బాతుల టీవీ కార్టూన్ మీద వచ్చిన 1989 నాటి ఆట. చేత్తో గీసిన బొమ్మలు, స్క్రూజ్ మామయ్యకి టీవీ కార్టూన్‌లో మాట్లాడిన ఆలన్ యంగ్ గొంతే. బొమ్మల్నీ సంగీతాన్నీ అందరూ పొగిడారు. కానీ నాలుగడుగులకొకసారి ఆట ఆపి పాత్రలు మాట్లాడుకుంటాయని చాలామంది గట్టిగా విసుక్కున్నారు. సరైన విసుగు. మొదటిసారి ఆ మాటలు ముచ్చటగానే ఉంటాయి. చచ్చి మళ్ళీ మొదలుపెట్టినవాడికే అవి ముళ్ళు. అంటే మళ్ళీ ఆడటం ఎలా ఉందన్నది వాళ్ళు కొలవగలరు, చిరాకు కలిగించినప్పుడు. చిరాకు లేకుండా, మళ్ళీ ఆడాల్సిన అవసరమే మాయమైపోయినప్పుడు మాత్రం గమనించరు. లేనిదాన్ని ఎత్తిచూపడం కష్టం మరి.

ఇద్దరు ఎదురెదురుగా కొట్టుకునే ఆట స్ట్రీట్ ఫైటర్‌ని 2008లో హెచ్‌డీ రీమిక్స్‌గా చేసినప్పుడు ఇంకో తమాషా. బొమ్మలన్నీ కొత్తగా, పెద్దగా గీశారు. ఒక్కో దెబ్బకి ఉన్న బొమ్మల సంఖ్య మాత్రం పాతదే, కాబట్టి అంత నునుపైన మనుషులు కదిలేటప్పుడు బిగుసుకుపోయినట్టుంటారు. వీటికి తోడు పాత్రల బలాబలాల్ని కూడా సవరించారు. మామూలు జనానికి బొమ్మలు చాలు. పోటీలాడేవాళ్ళు బొమ్మల వంక చూడనేలేదు, ఏ తన్ను ఎంత దూరం వెళ్తోందన్న దానిమీద కొట్టుకున్నారు. నా ఓటు వాళ్ళకి. రీమాస్టర్‌ని అలాగే చూడాలి.

టీవీకి గురిపెట్టి బాతుల్ని కాల్చే తుపాకీ ఆట ‘డక్ హంట్’ సంగతి ఇంకా ఘోరం. ఆ ప్లాస్టిక్ తుపాకీ పనిచేసింది పాత గొట్టం టీవీ వెలిగే తీరుని పట్టుకుని. ఇప్పటి పలక టీవీల మీద అది గుడ్డిది. 2022లో ‘హౌస్ ఆఫ్ ది డెడ్’ అనే ఇంకో తుపాకీ ఆటని మళ్ళీ చేసినప్పుడు గురిపెట్టడం మీద వచ్చిన ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. ఆటని తెచ్చారు, తుపాకీని తేలేకపోయారు.

నా వాదనకి ఒక మంచి ఎదురు వాదన ఉంది. చేతివేళ్ళు సరిగా కదలనివాళ్ళు, చూపు తక్కువైనవాళ్ళు, యాభై దాటినవాళ్ళు, అసలు ఇలాంటి ఆటలే ఆడి ఎరగనివాళ్ళు ఉంటారు. వాళ్ళకి గీత ఉంటే ఆట ఉంటుంది, లేకపోతే లేదు. వాళ్ళని గుమ్మం బయట నిలబెట్టమని నేనెందుకంటాను? మా షాపులో ఆడపిల్లలు ఒక్కరు కూడా కనిపించేవాళ్ళు కాదు, ఆ పరదా వెనక్కి వాళ్ళని రానిచ్చే ఊరు కాదది. ఆ రోజులు స్వర్ణయుగమని నేను అనబోవడం లేదు. సౌకర్యాలు ఎన్నైనా పెట్టండి. రివ్యూలో మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఆడి, రెంటి గురించీ విడివిడిగా చెప్పండి. గీత ఉన్న గలూగాకి నేను పదికి ఆరు వేస్తాను. ఒక్క దెబ్బ గలూగాకి, ఇద్దరు ఒకే సోఫాలో కూర్చుని ఆడితే, ఏడున్నర. ఒంటరిగా అయితే అర మార్కు కోత. స్విచ్ కొన్నవాళ్ళకి నా సానుభూతి.

మార్కులే వేయలేని ఆట ఒకటి మిగిలింది. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా రూపాయి షాపుల్లో అన్నిటికన్నా ఎక్కువ బిళ్ళలు మింగింది కాంట్రా కాదు, ‘ముస్తఫా’. అసలు పేరు ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’, క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. పసుపుపచ్చ టోపీ పెట్టుకున్న ముస్తఫా కైరో అందులో నలుగురు వీరుల్లో ఒకడు. మనవాళ్ళు ఆటకే వాడి పేరు పెట్టేశారు. ముగ్గురు కలిసి ఆడొచ్చు. ముస్తఫా ఎవరికి దక్కాలన్నదానిమీద బిళ్ళ పడకముందే తగువు.

ఆ ఆట ఇంతవరకూ ఏ ఇంటి మిషనుకీ రాలేదు. కథ, పాత్రలు మార్క్ షుల్ట్జ్ గీసిన కామిక్‌వి, కారు పేరు జనరల్ మోటార్స్‌ది, ఆట క్యాప్‌కామ్‌ది. 2018లో క్యాప్‌కామ్ తన పాత కొట్లాట ఆటలు ఏడు కలిపి అమ్మింది, అందులో ఇది లేదు. మార్వెల్ హక్కులతో ముడిపడి, అదే 1993లో వచ్చిన ‘ది పనిషర్’ కూడా 2024లో మళ్ళీ బయటికొచ్చింది. ముస్తఫా మాత్రం రాలేదు. మన వైపు జనం అన్నిటికన్నా ఎక్కువ ఆడిన ఆటకి రీమాస్టర్ లేదు, కాబట్టి రివ్యూ లేదు, కాబట్టి ఆటల చరిత్ర రాసేవాళ్ళ లెక్కలో మన షాపులూ లేవు.

ముస్తఫా ఆట కష్టం డిప్ స్విచ్చుల్లో ఉండదు. ఆటలోనే ఒక టెస్టు మెనూ ఉంటుంది, షాపువాళ్ళు అందులో మార్చుకునేవాళ్ళు. అసలైన క్యాప్‌కామ్ బోర్డులో ఒక బ్యాటరీ కూడా ఉంటుంది, అది ఖాళీ అయితే బోర్డు చచ్చిపోతుంది. మన షాపుల్లో ఎక్కువగా తిరిగినవి నకలు బోర్డులే గనక కొన్ని ఇంకా బతికే ఉండొచ్చు. కావలి, కందుకూరు, సింగరాయకొండ, ఒంగోలు వైపు ఎవరి అటక మీదైనా అలాంటి బోర్డు ఉంటే, టెస్టు మెనూ తెరిచి ప్రాణాలు ఎన్ని పెట్టారో, కష్టం ఎంతలో ఉంచారో ఒక ఫోటో తీయండి. ఏదీ మార్చబాకండి. తీసినవాళ్ళు ఏ ఊరి షాపుదో, రూపాయి ఆటా రెండు రూపాయల ఆటా అన్నది కూడా రాసి నాకు పంపండి.